ఇటుకల మీద మంచం

కస్తూరికి రెండుసార్లు కడుపొచ్చింది. రెండుసార్లూ ఆరో నెల దాటలేదు. మొదటిది సికింద్రాబాదులో, రెండోది ఝాన్సీలో. భర్త మాణిక్యం పట్టాళంలో స్టోర్స్ హవల్దారు. కంబళ్లు, బూట్లు, నీళ్ల సీసాలు ఇవ్వడం, తిరిగి తీసుకోవడం అతని పని. ఇద్దరిదీ కంభం దగ్గర పల్లె. ఆ పల్లెలో ఇంటికొకడు పట్టాళంలో ఉంటాడు కాబట్టి అక్కడి ఆడవాళ్లకు బడికి పోకుండానే దేశంలో ఏ ఊరు ఎక్కడుందో తెలుసు.

ఇద్దరు బిడ్డలూ పోయాక కారణాలకు మాత్రం కొరత రాలేదు. మొదటిసారి రైలు కుదుపులన్నారు. అత్త తాయారమ్మ బొప్పాయి అంది. బొప్పాయి ముట్టలేదని కస్తూరి చెబితే, కొందరికి తిన్నది గుర్తుండదులే అంది. రెండోసారి నీళ్ల బకెట్టు ఎత్తిందన్నారు. గ్రహణం పూట వంకాయలు తరిగిందన్నారు. ఝాన్సీలో పక్క క్వార్టర్ ఆవిడైతే, కస్తూరి మరీ గట్టిగా నవ్వుతుందనీ, అట్లా నవ్వితే లోపల అన్నీ కదిలిపోతాయనీ తేల్చింది. అప్పటినుంచి కస్తూరి నవ్వడం తగ్గించింది. దానివల్ల ఒరిగిందేమీ లేదు గానీ, మనిషి చాలా నెమ్మదస్తురాలని పేరొచ్చింది.

ఈ కారణాలన్నీ జరిగిపోయాక వచ్చినవే. జరగబోయే ముందు ఎవరూ ఏమీ చెప్పలేదు.

1977లో, ఢిల్లీ కంటోన్మెంటుకు బదిలీ అయి వచ్చిన ఏడాదిలో, మళ్లీ నెల తప్పింది. ఈసారి కస్తూరి ఎవరికీ చెప్పలేదు. మాణిక్యానికి కూడా మూడో నెల వచ్చాకే చెప్పింది. అప్పుడతను బూటుకు పాలిష్ పెడుతున్నాడు. విని, రెండో బూటు కూడా పూర్తి చేసి, బ్రష్షు డబ్బాలో సర్దాడు.

"రేపు ఆస్పత్రికి పోదాం" అన్నాడు.

మిలిటరీ ఆస్పత్రిలో ఆడవాళ్ల డాక్టరు మేజర్ ఆండాళ్. మద్రాసు మనిషి. తెలుగు బాగానే వచ్చు, కాకపోతే ప్రతి మాట చివరా కొంచెం సాగదీసేది. కస్తూరి కథ మొత్తం విని, మిగతావాళ్లెవరూ అడగని మాట అడిగింది.

"నొప్పులు ఎంతసేపు వచ్చాయమ్మా?"

"రాలేదు మేడమ్."

"రెండోసారి?"

"అప్పుడూ రాలేదు. నడుం బరువుగా ఉండింది. దొడ్డికి పోవాలనిపించి పోయినా. అక్కడే అయిపోయింది."

డాక్టరు రాయడం ఆపింది. "ఈ సంగతి ఎవరికైనా చెప్పావా?"

"ఎవరూ అడగలా."

పరీక్ష చేశాక డాక్టరు చేతులు కడుక్కుని వచ్చి కూర్చుంది. గర్భసంచికి కింద మూతి ఉంటుందనీ, అది తొమ్మిది నెలలూ మూసుకుని ఉండాలనీ చెప్పింది. "నీకు ఆ మూతి వదులు. బిడ్డ బరువెక్కే కొద్దీ చప్పుడు లేకుండా తెరుచుకుంటోంది. నొప్పి ఉండదు కాబట్టి నీకు తెలియడం లేదు. ఇట్లాగే వదిలేస్తే ఈసారి కూడా ఆరో నెలలోనే వస్తుంది. ఆరో నెలలో వస్తే బతకదు."

వినడానికి మంచి మాట కాదు. కానీ కస్తూరికి ఎవరో చంకలోంచి నిండు బిందె దించినట్టయింది. బొప్పాయి కాదు, బకెట్టు కాదు, వంకాయ కాదు. మూతి వదులు, అంతే.

"నవ్వితే తెరుచుకుంటుందా మేడమ్?" అని అడిగింది.

"నవ్వితేనా? ఎవరు చెప్పారు?"

"ఝాన్సీలో చెప్పినారు."

"నవ్వుకోవచ్చు" అంది డాక్టరు. కస్తూరి వెంటనే ఆ అవకాశం వాడుకోలేదు.

మాణిక్యం అప్పటిదాకా గోడ పక్కన అటెన్షన్‌లో నిలబడి ఉన్నాడు. "మేడమ్ సాబ్, ఇది ఖాయమేనా?" అన్నాడు.

"ఇది జాతకం కాదు హవల్దార్. రెండుసార్లు ఒకే తీరుగా జరిగింది కాబట్టి చెబుతున్నాను. ఇట్లాంటి ఆడవాళ్లు పదిమంది నా దగ్గరికొస్తే, ఆరేడుగురు మళ్లీ ముందే కంటారు. మిగతావాళ్లకు ఏమీ కాదు. మీ ఆవిడ ఎటువైపు మనిషో నాకు తెలియదు. తెలియదు కాబట్టి, ముందే కంటుందనుకునే పని చేస్తాను."

ఆ పని కుట్టు. మూతి చుట్టూ గట్టి దారంతో కుట్టి బిగించడం, తొమ్మిదో నెలలో తెంచేయడం. గోనెసంచుల మూతులు కుట్టించడంలో పన్నెండేళ్ల అనుభవం ఉన్న మాణిక్యానికి ఇందులో అర్థం కానిదేమీ కనపడలేదు.

"ఏ దారం సాబ్?" అన్నాడు.

"మీ స్టోర్సులో ఉండేది కాదు" అంది డాక్టరు.

నాలుగో నెలలో కుట్టు వేశారు. ఇంటికి పంపేటప్పుడు మంచం దిగవద్దనీ, మంచం ఒకవైపు ఇటుకల మీద ఎత్తి పెట్టమనీ డాక్టరు చెప్పింది. చెప్పింది మేజరు, విన్నది హవల్దారు. కాబట్టి అది మాణిక్యం దృష్టిలో వైద్యం కాదు, ఆర్డరు. ఆ సాయంత్రమే ఎక్కడినుంచో ఒకే సైజు ఇటుకలు తెచ్చి, కడిగి, ఆరబెట్టి, మంచం కోళ్ల కింద పేర్చి, కస్తూరిని పడుకోబెట్టి, దూరం జరిగి చూసుకున్నాడు.

కస్తూరి కూడా చూసుకుంది. తల పైకి, కాళ్లు కిందికి ఉన్నాయి.

"ఏమయ్యా, బిడ్డ కిందికి జారకుండా ఉండాలని గదా ఆయమ్మ చెప్పింది."

"అవును."

"నువ్వు జారేదానికి కట్టినావు."

మాణిక్యం మంచాన్ని ఈ చివరినుంచి ఆ చివరిదాకా చూశాడు. తరువాత ఇటుకలన్నీ కాళ్ల వైపుకు మార్చాడు.

తల కిందికి, కాళ్లు పైకి ఉన్నవాళ్లకు ప్రపంచం వేరేగా ఉంటుంది. టీ తాగితే ముక్కులోకి పోతుంది. అన్నం మింగాలంటే ముందు దాన్ని పైకి ఎక్కించాలి. చూడటానికి వచ్చినవాళ్లు గడ్డం వైపు నుంచి కనిపిస్తారు. ఆ లైన్లో క్వార్టర్లన్నీ ఒకదానికొకటి ఆనుకుని ఉండేవి. గఢ్వాలీలు, మరాఠాలు, జాట్లు, మద్రాసీలు. ఆడవాళ్లందరూ వంతులవారీగా వచ్చి, మంచం చూసి, ఇటుకలు చూసి, కస్తూరిని కూడా చూసి వెళ్లారు. ఒకావిడ తన కూతురికి కాలు విరిగినప్పుడు కూడా ఇట్లాగే కట్టారంది. కస్తూరికి ఏ కాలు విరిగిందని ఆవిడ చివరిదాకా అడుగుతూనే ఉంది.

తాయారమ్మ కోడలికి సాయంగా ఊరినుంచి రాలేదు. మనుషులను కుడతారని ఆమె నమ్మలేదు. చేతికి తాయెత్తు పంపింది. మాణిక్యం దాన్ని మంచం కోడుకు కట్టాడు. ఆర్డరులో లేదు గానీ, వద్దని కూడా లేదు.

వంట అతనే నేర్చుకున్నాడు. నేర్పింది లంగరులో, అంటే యూనిట్ వంటశాలలో, వంటవాడు. అతనికి తెలిసిన ప్రతి వంటా ఒక బస్తాతో మొదలవుతుంది. దాన్ని ఇద్దరికి సరిపడా తగ్గించడంలో ఉప్పు ఒక్కటీ తగ్గేది కాదు. కస్తూరి కొన్నాళ్లు చెప్పి చూసి, తరువాత నీళ్లు ఎక్కువ తాగడం అలవాటు చేసుకుంది.

పగలు మాణిక్యం డ్యూటీకి పోతే, ఆమెను చూసుకునేది పక్కింటి బచ్నీ దేవి. నాయక్ ర్యాంకు గఢ్వాలీ సిపాయి భార్య, గట్టి మనిషి. ఆమెకు తెలుగు రాదు, కస్తూరికి హిందీ సగం కూడా రాదు. కస్తూరి ఆమెను దీదీ అని పిలిచేది. ఏదైనా అవసరమైతే స్టీలు కంచం గోడకు కొట్టాలని ఇద్దరూ సైగలతో మాట్లాడుకున్నారు.

మిగతా సమయమంతా కస్తూరి డాక్టరు చెప్పిన ఆ పదిమంది ఆడవాళ్ల గురించి ఆలోచించేది. వాళ్లను వరసగా ఒక బెంచీ మీద కూర్చోబెట్టింది. ఒక్కొక్కరికీ ఒక చీర, ఒక ఊరు ఇచ్చింది. అందులో ముగ్గురికో నలుగురికో ఏమీ చెయ్యకపోయినా బిడ్డ నిలుస్తుంది. వాళ్లు కూడా ఇప్పుడు ఇట్లాగే కాళ్లు పైకెట్టుకుని, ఉప్పు కూడు తింటా పడుకున్నారేమో పాపం అనుకునేది. వాళ్లెవరో వాళ్లకు కూడా తెలియదు గదా అని జాలిపడేది. తను ఆ నలుగురిలో ఉన్నానేమో అని మాత్రం ఎన్నడూ అనుకోలేదు. ఆశ పెట్టుకోవడం ఆమెకు ఝాన్సీతో పోయింది.

ఆరో నెల వచ్చింది. బయట వడగాలి కొడుతోంది. తలుపులకు తడి గోనెలు కట్టారు. ఒక మధ్యాహ్నం కస్తూరికి నడుం బరువుగా అనిపించింది. కాసేపటికి దొడ్డికి పోవాలనిపించింది.

ఇది ఆమెకు తెలిసిన సంగతే. సికింద్రాబాదులో లేచి వెళ్లింది, ఝాన్సీలో లేచి వెళ్లింది. ఈసారి లేవలేదు. కంచం తీసి గోడకు కొట్టింది.

బచ్నీ దేవి పిండి చేతులతో వచ్చింది.

"దీదీ, అస్పతాల్" అంది కస్తూరి. ఎందుకో చెప్పడానికి హిందీ చాలలేదు. చెప్పాల్సిన అవసరమూ రాలేదు. బచ్నీ ఆమె మొహం చూసి బయటికి పరిగెత్తింది.

అప్పుడు లైన్లో ఉన్న బండి ఒక్కటే, కూరగాయల రేషన్ దించడానికి వచ్చిన ట్రక్కు. డ్రైవరు కుర్రవాడు కాదు, సర్వీసు తిన్నవాడు. ఆర్డర్ లేకుండా బండి పక్కకు పోదన్నాడు.

"ఆర్డర్ మైఁ దే రహీ హూఁ" అంది బచ్నీ. ఆర్డరు నేనిస్తున్నా, పద అని. ఆమె భర్త ర్యాంకు కన్నా డ్రైవరు ర్యాంకు తక్కువో ఎక్కువో ఎవరికీ తెలియదు గానీ, డ్రైవరు ఇంజను స్టార్ట్ చేశాడు.

ఆడవాళ్లు కస్తూరిని మంచంతో సహా ఎత్తి ట్రక్కులో పెట్టారు. ఇటుకలు ఇంట్లోనే ఉండిపోయాయి. బచ్నీ క్షణం ఆలోచించి, మంచం కాళ్ల వైపు సొరకాయల బస్తా తోయించింది. కస్తూరి సొరకాయల మీద కాళ్లు ఎత్తుకుని ఆస్పత్రికి చేరింది. ఆ రోజు ఆ లైన్లో ఎవరికీ సొరకాయలు అందలేదు. ఎవరూ అడగలేదు కూడా.

ఆస్పత్రికి చేరేసరికి నొప్పులు మొదలయ్యాయి. మొదటి రెండుసార్లూ రాని నొప్పులు ఇప్పుడు వచ్చాయి. మేజర్ ఆండాళ్ చూసి, కుట్టు గట్టిగానే ఉందంది. కాకపోతే గర్భసంచి బిగుసుకుంటోందనీ, నొప్పులు ఆగకపోతే కుట్టు తెంచేయాల్సిందేననీ, లేకుంటే మూతి చినుగుతుందనీ చెప్పింది. తెంచితే బిడ్డ వస్తుంది. ఆ వయసు బిడ్డను వెచ్చగా ఉంచి బతికించే గాజు పెట్టె ఆ ఆస్పత్రిలోనే కాదు, ఆమెకు తెలిసి ఎక్కడా లేదు.

మాణిక్యం డ్యూటీ నుంచి పరుగున వచ్చాడు. చేతిలో ఎవరికో ఇవ్వాల్సిన మగ్గు అట్లాగే ఉంది.

"ఒక మందు ఉంది హవల్దార్. గుండె వేగం పెంచుతుంది. మీ ఆవిడ గుండె ఇప్పటికే పరిగెత్తుతోంది, అది ఇవ్వలేను. ఇంకోటి ఉంది. ఆల్కహాలు. గ్లూకోజులో కలిపి నరానికి ఎక్కిస్తాం. దానికి గర్భసంచి సడలుతుంది."

మాణిక్యం జీవితంలో చుక్క ముట్టినవాడు కాదు. తనకొచ్చే రమ్ము కోటా మొత్తం బచ్నీ భర్తకు ఇచ్చేసేవాడు.

"రమ్మా మేడమ్ సాబ్?"

"రమ్ము కాదు. రమ్ములో పనిచేసేది."

"మా ఇంట్లో అలవాటు లేదు సాబ్" అన్నాడు మాణిక్యం.

"ఈ ఒక్కసారికే" అంది డాక్టరు.

సీసా వేలాడదీశారు. కాసేపటికి కస్తూరికి పైకప్పు దగ్గరికొచ్చినట్టు, మళ్లీ దూరం పోయినట్టు అనిపించింది. ముందు వాంతి చేసుకుంది. తరువాత నర్సు టోపీ చూసి నవ్వింది. ఝాన్సీ తరువాత ఆమె అంత గట్టిగా నవ్వడం అదే. వార్డులో పక్క మంచాలవాళ్లు లేచి చూశారు. మాణిక్యం ఇబ్బందిగా అటూ ఇటూ చూసి, "ఆమె అట్టాంటిది కాదు" అన్నాడు. ఎవరూ అడగలేదు.

నవ్వు అయ్యాక కస్తూరి మాట్లాడటం మొదలుపెట్టింది. తాయారమ్మకు జవాబులు చెప్పింది. బొప్పాయి గురించి చాలాసేపు చెప్పింది. నీ కూరలో ఉప్పెక్కువ, నేను ఓర్చుకుంటా తింటుండా అని మాణిక్యానికి చెప్పింది. అతను సరేనన్నాడు. తరువాత గొంతు తగ్గించింది.

"హనుమయ్య ఎవురి పోలికో చూసినావా నువ్వు?"

"హనుమయ్యెవరు?"

"పెద్దోడు. సికింద్రాబాదులో పుట్టినోడు. మా నాయన పేరు పెట్టుకున్నా. గుడ్డలో చుట్టి తీసకపోయినారు, నీకు చూపించలా. చెవులు నీయే. చిన్నది గౌరి. దానికి నీ పోలిక లేదు, బతికిపోయింది." ఆ మాట తనకే తప్పుగా వినిపించినట్టుంది. "బతకలా" అని సరిచేసుకుంది.

మాణిక్యం మగ్గు కిటికీలో పెట్టి, మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. ఇన్నేళ్లుగా ఎవరు పిల్లల గురించి అడిగినా అతను లేరని చెప్పేవాడు. అది అబద్ధమని అతనికి ఎప్పుడూ తోచలేదు.

"హనుమయ్య" అన్నాడు. "బాగుండాది పేరు."

కస్తూరి అప్పటికే నిద్రపోయింది.

మర్నాటికి నొప్పులు ఆగిపోయాయి. తలనొప్పి మాత్రం మొదలైంది. బచ్నీ మొగుడు పొద్దున్నే ఎందుకు ఎవరితోనూ మాట్లాడడో కస్తూరికి అప్పుడు అర్థమైంది. తను ఏమేం మాట్లాడిందో గుర్తులేదు. మాణిక్యం చెప్పలేదు. ఆ వారం అతను వార్డుకు తెచ్చిన కూరలో ఉప్పు తక్కువైంది. ఎందుకో ఆమెకు తెలియలేదు.

డాక్టరు ఆమెను ఇంటికి పంపలేదు, వార్డులోనే ఉంచింది. ఏడో నెల గడిచింది. ఎనిమిదో నెల గడిచింది. వడగాలి పోయి వానలొచ్చాయి. కస్తూరి ఒక్కసారి కూడా ఎరగని నెలలు కావడంతో, వాటిలో ఏం జరుగుతుందో ఆమెకు తెలియదు. కాళ్లు వాస్తే భయపడింది. బిడ్డ ఎక్కిళ్లు పెడితే డాక్టరును పిలిపించింది. ఎక్కిళ్లే అని డాక్టరు చెప్పి పోయింది.

తొమ్మిదో నెలలో కుట్టు తెంచారు. "ఇక ఏ పూటైనా రావచ్చు, సిద్ధంగా ఉండు" అంది మేజర్ ఆండాళ్. మాణిక్యం సెలవు పెట్టి వచ్చి వార్డు బయట బెంచీ మీద కూర్చున్నాడు. ఆ పూట రాలేదు. ఆ వారం రాలేదు. ఇన్నాళ్లూ బిడ్డ రాకుండా చూసినవాళ్లందరూ ఇప్పుడు బిడ్డ కోసం చూశారు. పడుకోబెట్టినవాళ్లే వచ్చి కస్తూరిని నడవమన్నారు. ఆమె వరండాలో నడిచింది. మాణిక్యం సెలవు అయిపోయి డ్యూటీకి పోయాడు. డాక్టరు చెప్పిన తేదీ వచ్చింది, పోయింది. ఇంకా కొన్నాళ్లు చూసి, చివరికి నొప్పులు రావడానికి సూది మందు ఇవ్వాల్సి వచ్చింది.

ఆడపిల్ల. బొద్దుగా ఉంది. గోళ్లు పెరిగి ఉన్నాయి. ఏడుపు వార్డు చివరిదాకా వినిపించింది.

కస్తూరి పిల్లను చూసుకుని, డాక్టరు వైపు తిరిగింది. "మేడమ్, మీరు కుట్టెయ్యకపోయుంటే ఆరో నెలలో వచ్చేదేనా?"

"తెలియదమ్మా."

"మీరే గదా చెప్పినారు."

"వస్తుందేమోనని చెప్పాను. నిజంగా వచ్చేదో లేదో తేలాలంటే కుట్టు వేయకుండా ఊరికే చూస్తూ కూర్చోవాలి. అట్లా చూడటం నాకిష్టం లేదు." ఆమె పిల్ల గోళ్లు చూసింది. "ఇంత ఆలస్యం చేస్తుందని మాత్రం నేను అనుకోలేదు."

పిల్లకు కమలాకుమారి అని పేరు పెట్టారు. పేరు ఏం పెడదామని కస్తూరి అడిగితే, మొదటి ఇద్దరికీ నువ్వే పెట్టినావు గదా, ఇది కూడా నువ్వే పెట్టు అన్నాడు మాణిక్యం. కస్తూరి చాలాసేపు అతని మొహం చూసింది. "నీకెవరు చెప్పినారు?" అంది. "నువ్వే" అన్నాడు. యూనిట్‌లో లడ్డూలు పంచుతుంటే, మొదటి సంతానమా అని సుబేదారు అడిగాడు. మూడోది సాబ్ అన్నాడు మాణిక్యం. సుబేదారు ఇంకేదో అడగబోయి లడ్డూ తిన్నాడు.

వాళ్లు మళ్లీ బదిలీ మీద ఝాన్సీ దగ్గరి బబీనాకు పోయి, 1981లో ఢిల్లీకి తిరిగొచ్చారు. అప్పటికి మేజర్ ఆండాళ్ ఎక్కడికో బదిలీ అయిపోయింది. ఎక్కడికో ఆస్పత్రిలో కొత్తవాళ్లకు తెలియదు. కస్తూరి మళ్లీ నెల తప్పిన వెంటనే వెళ్లింది. ఈసారి డాక్టరు ఒక కెప్టెను, వయసు తక్కువ. అతను అడగకముందే కస్తూరి తనకొచ్చిన హిందీలో చెప్పేసింది: మూతి వదులు, నొప్పి రాదు, నాలుగో నెలలో కుట్టాలి, ఆరో నెలలో జాగ్రత్త.

కెప్టెను కుట్టాడు. అదే కుట్టు, అదే ఎత్తు మంచం. వంట కూడా అదే, ఉప్పు మాత్రం సరిపోయింది. ఆరో నెల ఏ గొడవా లేకుండా దాటింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఎనిమిదో నెల మొదట్లో, ఎవరూ ఎదురుచూడని పొద్దున, పొంగుతున్న పాలు దించమని మాణిక్యానికి చెబుతుండగా ఉమ్మనీరు పోయింది.

మగపిల్లవాడు. అరచేయంత మనిషి. గాజు పెట్టెలో పెట్టారు. కస్తూరి రోజూ పాలు పిండి ఇస్తే, నర్సు సన్నని గొట్టంతో పట్టేది. కొన్నాళ్లు అప్పుడప్పుడూ ఊపిరి తీయడం మరిచిపోయేవాడు. నర్సు పాదం మీద వేలితో కొడితే గుర్తొచ్చి తీసుకునేవాడు. కస్తూరి పెట్టె పక్కన స్టూలు వేసుకుని ఆ ఎముకల గూడు లేవడం, దిగడం చూస్తూ కూర్చునేది. ఏడవలేదు. ఏడిస్తే కళ్లకు అడ్డమొస్తుందని మాణిక్యంతో చెప్పింది.

ఒకరోజు కెప్టెనును ఆపింది. ఒకే కుట్టు గదా, ఒకే మంచం గదా, ఆ పిల్ల రమ్మన్నా రాలేదు, వీడు ఉండమంటే ఉండలేదు, ఎందుకని అడిగింది.

కెప్టెను కేసు కాగితం ఒకసారి తిరగేశాడు. "మాలూమ్ నహీఁ అమ్మా" అన్నాడు.

తెలియదని డాక్టరే చెప్పాక ఇంక అడిగేదేముందని కస్తూరి మళ్లీ స్టూలు మీద కూర్చుంది. తాయారమ్మ ఊరినుంచి ఉత్తరం రాయించింది. ఈసారి కారణం పొంగిన పాలు.

పిల్లవాడు బరువెక్కాక ఇంటికి తీసుకొచ్చారు. గుమ్మంలో నిలబడి చూస్తున్న నాలుగేళ్ల కమలాకుమారి ముందు తల్లిని చూసింది, తరువాత దుప్పట్లో ఉన్నదాన్ని చూసింది.

"ఇత్నా ఛోటా?" అంది, ఇంత చిన్నగా ఉన్నాడేమని.

"పెరుగుతాడులే" అంది కస్తూరి.

"కబ్?" అంది, ఎప్పుడని.

"తెలీదు. తలుపు మూసి లోపలికి రా, వాడికి గాలి తగులుతాది."